ఇందిరమ్మ నకలు కాగితం

పాలప్యాకెట్‌కు కూడా రసీదు అడుగుతుందని శామీర్‌పేటలో ఇందిరమ్మను అందరూ ఆటపట్టిస్తారు. అడుగుతుంది మరి! వెనకటికి ఓ పట్వారి పొలం లెక్కల పహాణీలో పేరు మార్చేసి ఆమెను ఏడేళ్లు కాళ్లరిగేలా తిప్పాడు. అప్పటినుంచి ఎక్కడ ఏ కాగితం ఇచ్చినా, నకలు మీద ముద్ర కొట్టించుకోందే ఆమె ఆఫీసు గడప దిగదు.

రోడ్డు కింద పొలం పోయినప్పుడు వచ్చిన పరిహారంతో ఆమె షేర్లు కొంది. మేడ్చల్‌లోని ఒక బ్రోకర్ ఆఫీసులో అన్వేష్ అనే ఏజెంటు ఖాతా తెరిచాడు. ఖాతా ఫారంలో, ముందు ముందు ధర మీద పందెం కాసే ఫ్యూచర్స్ బేరాలకు ఒప్పుకునే గడి దగ్గర మాత్రం ఆమె సంతకం పెట్టలేదు.

"గా జూదం నాకొద్దు బిడ్డా. కొన్నయి కొన్నట్టే ఉండాలె" అంది.

పోయిన వానాకాలం చూసుకుంటే షేర్లలో సగం లేవు. అన్వేష్ ఆమె పేరు మీద ఆ బేరాలే చేసి, నష్టం పూడ్చడానికి వాటిని అమ్మేశాడు. బ్రోకర్లను అదుపులో పెట్టాల్సిన స్టాక్ ఎక్స్ఛేంజికి ఫిర్యాదు పెడితే, బ్రోకర్ పంపిన ఫారం కాపీలో ఆ గడి దగ్గర మీ సంతకం ఉందంటూ మూసేసింది. ఇందిరమ్మ దృష్టిలో పోయింది పెనిమిటి దున్నిన పొలమే.

"ఇగ ఇడిసిపెట్టు అవ్వా. వాళ్లే కాదన్నంక ఇంకెవరున్నరు?" అంది, తుర్కపల్లి ల్యాబులో పనిచేసే మనవరాలు శ్రీజ.

"ఎవరున్నరేంది? పట్వారి మీద తహసీల్దారు లేడా? ఆయన మీద కలెక్టరు లేడా? గీళ్ల మీద గూడ ఎవరో ఉంటరు. జర ఫోన్ల సూడు."

ఉన్నారు. ఎక్స్ఛేంజీల మీద సర్కారు పెట్టిన సెబీ ఉంది. ఫిర్యాదు మూసిన పదిహేను రోజుల్లోగా మళ్లీ చూడమని దాన్ని అడగవచ్చు. అప్పటికే పదమూడు గడిచాయి.

ఇందిరమ్మ బీరువాలో చీరల కింది నుంచి ఆ ఫారం నకలు తీసింది. దాని మీద ఆఫీసు ముద్ర, తేదీ, అన్వేష్ సంతకం ఉన్నాయి. ఆ గడి మాత్రం ఖాళీ! శ్రీజ వెంటనే ఫోటో తీసి పంపింది.

రెండు నెలలకు జవాబొచ్చింది. అసలు ఫారం తెప్పించి చూడకుండా ఎలా మూశారని సెబీ ఎక్స్ఛేంజినే సంజాయిషీ అడిగింది. ఫైలు మళ్లీ తెరిచారు. ఆ సంతకం తర్వాత ఎవరో గీకిందని తేలింది. షేర్లన్నీ ఒక్కటి తగ్గకుండా ఖాతాలోకి తిరిగొచ్చాయి. ఇందిరమ్మ ఆ రోజు వాడంతా పాయసం పంచింది.

వారం తిరక్కుండా బ్రోకర్ ఆఫీసు మేనేజరే ఇంటికొచ్చాడు. షేర్లు ముట్టాయని సంతకం చేయమని వినయంగా కాగితం చాపాడు.

"పెడత సారూ. ముందుగాల నకలు మీద ముద్ర కొట్టుండ్రి."

ఆయన సంచీలోంచి ముద్ర తీశాడు. తెలిసే వెంట తెచ్చుకున్నాడు.