మిగిలిన పన్నెండు నిమిషాలు

ఉదయభాను నా దగ్గర ఆరేళ్ళు తెలుగు చదువుకున్నాడు. సంధులు రాలేదు, సమాసాలు రాలేదు. ఛందస్సు సంగతి చెప్పనక్కరలేదు. ఖరగ్‌పూరులో ముప్ఫై నాలుగేళ్ళు పాఠం చెప్పి ఎందరినో పైకి పంపించినవాణ్ణి, పదవీవిరమణ తరువాత సాయంత్రాలు గడపడానికి చివరికి అతని ఇంటికే చేరుకున్నాను. చదువుకునే రోజుల్లో, తరగతిలో ఇద్దరు కొట్టుకుంటే ముందు ఎవరు చెయ్యెత్తారో ఉన్నదున్నట్టు చెప్పేవాడు. ఆ ఇద్దరికీ అతనిమీదే కోపం వచ్చేది. అతడు దానిని పట్టించుకునేవాడు కాడు.

తాత పలాస వైపునుంచి రైలు పనికి వచ్చాడు. తండ్రి వర్క్‌షాపులో ఫిట్టరు. ఇతడూ అక్కడే ఫిట్టరు. ఆదివారాలూ సెలవురోజులూ మాత్రం ఫుట్‌బాల్ రిఫరీ. రిఫరీకి తెలుగులో ‘తీర్పరి’ అనే చక్కని మాట ఉండగా పరాయిమాట ఎందుకని ఒకసారి మందలించాను.

“తీర్పరి అంటే కుర్సీలో కూకున్న ముసిలోడు కనబడతాడు మాస్టారూ. రిఫరీ అనండి, పరిగెత్తినట్టు ఉంటాది,” అన్నాడు.

వ్యాకరణం రానివాడే గాని, మాట బరువు తెలిసినవాడు.

మొదటి దెబ్బ ఆరేళ్ళ క్రితం తగిలింది. జనవరి చలిలో, గట్టిపడిన బంతిని వెనుక వరుస ఆటగాడు బలంగా తన్నితే అది వచ్చి ఇతని కణతకు కొట్టుకుంది. పడిపోయాడు. ముఖాన నీళ్ళు చల్లారు, నుదుటికి బామ్ రాశారు. లేచి ఈల ఊదాడు. పడి లేచిన రిఫరీకి మైదానం చుట్టూ నిలబడినవాళ్ళు చప్పట్లు కొట్టడం మా దగ్గర ఆనవాయితీ. ఆ చప్పట్లే అతణ్ణి చెడగొట్టాయి. నేనూ కొట్టినవాణ్ణే.

రెండోసారి తడినేలమీద జారి గోలుకంబానికి తల తగిలింది. ఆ రాత్రి రెండుసార్లు వాంతి అయితే, ఇందా బజారులో తిన్న ఎగ్‌రోలు పడలేదని భార్య సుచరితను నమ్మించాడు. మూడోసారి ఇద్దరు ఆటగాళ్ళు గాలిలోకి లేచినప్పుడు మధ్యలో చిక్కుకున్నాడు. ఈసారి లేవలేదు. పూర్తిగా తెలివి వచ్చేసరికి ఆసుపత్రిలో ఉన్నాడు. అక్కడ నన్ను చూసి, “మాస్టారూ, హాజరు ఏసీసినారా?” అని అడిగాడు.

దీనిని వైద్యులు కంకషన్ అంటారు. పుర్రె పగలదు, నెత్తురు కారదు. లోపల మెదడు అదిరిపోతుంది. ఒక అదురు పూర్తిగా తగ్గకముందే మరొకటి తగిలితే అది తగ్గడానికి నెలలు పడుతుందనీ, ఇతనికి మరొకటి తగిలితే ఏమి మిగులుతుందో చెప్పలేననీ కలకత్తా వైద్యుడు అన్నాడు.

ఇక్కడ కొంచెం పక్కదారి పట్టక తప్పదు. చాలాకాలం క్రితం మా పాఠశాలలో ఒక పిల్లవాడు జామచెట్టుమీదనుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. తెల్లటి సిమెంటు కట్టుతో వచ్చినప్పుడు తరగతి తరగతంతా దానిమీద పేర్లు రాసింది; ‘త్వరలో కోలుకొనుము’ అని నేనూ రాశాను, అరసున్న ఉండాలా వద్దా అని కాసేపు ఆలోచించి మరీ. అతని సంచీ మోయడానికి పిల్లలు పోటీ పడ్డారు. ఉదయభానుకు అటువంటి కట్టు ఏదీ లేదు. మూడు నెలలు కిటికీలకు దుప్పట్లు కట్టిన గదిలో పడుకున్నాడు. వెలుతురు పడేది కాదు, కుక్కరు కూత పడేది కాదు. అక్షరాలు చూస్తే కదిలిపోయేవి. మందులు వేసుకున్నదీ లేనిదీ సుచరిత వంటింటి గోడమీద సుద్దముక్కతో గీతలు గీసి గుర్తు పెట్టుకునేది. అన్నం తిన్న పావుగంటకు మళ్ళీ కంచం ముందు కూర్చునేవాడు. ఒక్కొక్కప్పుడు తన గురించి తానే ప్రథమపురుషలో మాట్లాడేవాడు: “భానుకి ఇయ్యాళ బాగానే ఉన్నాది.” వ్యాకరణం చెప్పినవాణ్ణి గనుక ఆ వాక్యం నాకు మరీ లోతుగా గుచ్చుకుంది.

వర్క్‌షాపులో సహోద్యోగి జగ్గారావు పరామర్శకు వచ్చి గుమ్మంలోనే అన్నాడు: “ఏటి భానూ, తలకి కట్టు నేదు, కాలికి కట్టు నేదు, సెలవు మాత్రం మూడు నెలలేటి? ఆ మందేదో మాకూ సెప్పు బాబూ!”

నవ్వులాటకే అన్నాడు. ఉదయభాను కూడా నవ్వాడు. జగ్గారావు వెళ్ళిన తరువాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నేను రోజూ వెళ్ళి చదివి వినిపించేవాణ్ణి. మొదట అయిదు నిమిషాలు, తరువాత పది. ఆరో నెలలో ఒక కిటికీకి దుప్పటి తీశారు. ఎనిమిదో నెలలో పనికి వెళ్ళాడు. యంత్రాల దగ్గరనుంచి తప్పించి, బిళ్ళ తీసుకుని పనిముట్టు ఇచ్చే గదిలో కూర్చోబెట్టారు. ఏడాది తిరిగేసరికి తెల్లవారి మథురాకాటి వీధుల్లో నడిచేవాడు, ఆపైన నెమ్మదిగా పరుగు. ఒంటరిగా పరుగెత్తవచ్చు, మైదానంలోకి వద్దు అని వైద్యుడు చెప్పాడు. ఆ మాట మా ముగ్గురికీ తెలుసు.

ఆ సమయంలో సిరిల్ వచ్చాడు. సిరిల్ రైలు గార్డుగా రిటైరయిన మనిషి. మా మైదానంలో ఆటలన్నీ జరిపించేది అతడే. ఇందా వాళ్ళకూ మథురాకాటి వాళ్ళకూ, నలభై అయిదు దాటినవాళ్ళకు మాత్రమే, స్నేహపూర్వకంగా ఒక ఆట పెట్టాడు. దానికి ఏ సంఘం అనుమతీ, ఏ వైద్యుడి కాగితమూ అక్కరలేదు.

“అందరూ పొట్టలేసుకున్నోళ్ళే భానూ. బంతి నడుం దాటి లేస్తే నన్నడుగు,” అన్నాడు.

సుచరిత ఒప్పుకోలేదు. మర్నాడు ఉదయభాను నన్ను వీధి చివరిదాకా తీసుకువెళ్ళి అన్నాడు: “బిళ్ళ తీసుకుంటన్నాను, స్పానరు ఇస్తన్నాను. రోజంతా అంతే మాస్టారూ. నాకు నయమయినాదో నేదో నాకే తెలీడం నేదు. ఒక్క ఆట, మొదలునించి ఆఖరిదాకా నడిపితే తెలిసిపోతాది. మీరు సెప్తే ఆవిడ ఇంటాది.”

చెప్పాను. ఇప్పుడు ఎన్ని విధాల తలచుకున్నా ఆ మాటకు కర్తను నేనే. “ఎక్కువ దూరం పరుగెత్తే పని కూడా లేదమ్మా, నేను గీత పక్కనే కూర్చుంటాను,” అన్నాను.

సుచరిత నా ముఖం చూసింది. “సరేనండి. మీ మాట మీద పంపుతన్నాను,” అంది.

ఆదివారం మైదానం దొరకలేదు, పనిరోజున పెట్టారు. ఉదయభాను సెలవు పెట్టి, నల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, గంట ముందే వచ్చాడు. మొదటి సగం చూసి నా గుండె కుదుటపడింది. ఈల సకాలంలో పడింది. ఒక తోపులాటకు పెనాల్టీ ఇవ్వనప్పుడు ఇందా బెంగాలీ బాబులు “దాదా, చష్మా లాగాన్!” అని, అంటే కళ్ళద్దాలు పెట్టుకోమని, కేకలు వేస్తే అతని పెదవుల చివర చిరునవ్వు కనిపించింది. ఏడాదికి పైగా అతణ్ణి అందరూ మెత్తగా పలకరించినవాళ్ళే. గట్టిగా అరిచినవాళ్ళు ఆ రోజే దొరికారు.

రెండో సగం. చెరొక గోలు. ఇంకా పన్నెండు నిమిషాలుందనగా వర్క్‌షాపు కూత వినబడింది.

ఖరగ్‌పూరులో ఆ కూత గడియారం వంటిది. ఇరవై మూడేళ్ళుగా ఉదయభాను దానికి చేతిలోని పనిముట్టు దింపి, చేతులు తుడుచుకుని, సైకిలు తీసినవాడు. ఆదివారాలూ సెలవురోజులూ అది మోగదు గనుక మైదానంలో ఎన్నడూ వినలేదు. ఆ రోజు విని, ఒక్కసారి తలెత్తి, ఆట ముగిసిందని మూడు నిండైన ఈలలు ఊదాడు. చేతిగుడ్డ తీసి రెండు అరచేతులూ, వేళ్ళ సందులూ శ్రద్ధగా తుడుచుకున్నాడు. కంచె దగ్గరకు నడిచి సైకిలు తీసి, వర్క్‌షాపునుంచి ఇళ్ళకు పోతున్న సైకిళ్ళ బారులో కలిసిపోయాడు.

“ఏటి మావా, ఓవర్‌టైము సెయ్యవేటి?” అని ఎవరో అరిచారు. చాలామంది నవ్వారు. ఆ నవ్వు దానంతటదే ఆగిపోయింది.

డెబ్బయి ఒకటో ఏట నేను ఎట్లా పరుగెత్తానో నాకే తెలియదు. అదృష్టవశాత్తూ బారులో జగ్గారావు ఉన్నాడు. “ఏటి భానూ, ఈ డ్రస్సేటి?” అని అడ్డంగా సైకిలు ఆపాడు. ఉదయభాను తన చొక్కా చూసుకున్నాడు. మెడలోని ఈలను చేత్తో తడిమాడు. 

“మాస్టారూ, ఆట?”

“ఆగి ఉంది.”

“ఎంత మిగిలినాది?”

“పన్నెండు నిమిషాలు.”

వద్దన్నాను, ఇంటికి పోదామన్నాను. వినలేదు. తిరిగి వచ్చేసరికి ఇరవై రెండుమందీ ఎక్కడివాళ్ళక్కడ గడ్డిమీద కూర్చుని ఉన్నారు. నిలబడగలిగినంతకాలం, మొదలుపెట్టిన రిఫరీయే ఆట పూర్తిచెయ్యాలన్నది మా మైదానం మర్యాద. సిరిల్ అందరికీ వినబడేటట్టు, “ఠీక్ హై, ఠీక్ హై! వాచీ ఆగిపోనాది, అంతే. లెగండి!” అన్నాడు.

లేచారు. ఆడారు. అయితే బంతి మోకాలు దాటి లేవలేదు. ఇందా వైపు పొడుగాటి ముందు వరుస ఆటగాడు, ఎదుట గోలు ఖాళీగా ఉండగా, బంతిని మెల్లగా పక్కవాడికి తోశాడు. ఉదయభాను దరిదాపుల్లోకి బంతి వస్తే అందరూ అడుగు వెనక్కి వేశారు. పిల్లలు పడుకున్న గదిలో పెద్దవాళ్ళు నడిచినట్టు ఆడారు ఆ ఇరవై రెండుమంది.

అయిదు నిమిషాలు గడిచాయి. మథురాకాటి వాడి కాలికి తగిలి బంతి గీత దాటింది. నా ముందే దాటింది. ఇందా వాళ్ళు విసరవలసిన బంతి అది. ఉదయభాను చూసి, కావాలని, మథురాకాటి వైపు చెయ్యి చూపాడు. ఒక్కరూ కేక వెయ్యలేదు. ఇందా నాయకుడు తల వంచి, “ఠీక్ ఆఛే దాదా,” అన్నాడు, చాలా మెత్తగా.

ఉదయభాను ఈల ఊది ఆట ఆపాడు. గీత దగ్గర జెండా పట్టుకున్న విల్‌ఫ్రెడ్‌ను రమ్మని సైగ చేశాడు.

సిరిల్ పరుగున వచ్చాడు. “ఏడు నిమిషాలే కద భానూ. కానిచ్చీ. ఎవరేటంటారు?”

“అదే దాదా, ఎవరూ ఏటీ అనడం నేదు.” మెడలోని ఈల తీశాడు. “తప్పు సెప్పినాను, తెలిసే సెప్పినాను. ఒక్కడు తిరగబడనేదు. ఆళ్ళు ఆడ్డం నేదు, నన్ను కాపాడతన్నారు. నేనుంటే ఇది ఆట కాదు. ఆ బంతి ఇందా ఓళ్ళకి ఇప్పించి విల్‌ఫ్రెడ్‌ని నడిపించమను.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టి ఉంటే భరించగలిగేవాణ్ణి కాను.

ఇల్లు రెండు సందుల అవతలే. సైకిలు నేను పట్టుకున్నాను. అతడు నా పక్కన, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచాడు. దారిలో ఒక్క మాటే అన్నాడు: “కూత ఇన్నాక ఏటైనాదో నాకు నిజంగా గుర్తు నేదు మాస్టారూ.”

సుచరిత గేటు దగ్గర నిలబడి ఉంది. “అయిపోనాదేటండీ?” అని అడిగింది.

“నాది అయిపోనాది. ఆళ్ళది ఇంకా ఉన్నాది,” అన్నాడు.

ఆమె నా వైపు చూసింది.  

అప్పుడు మైదానం వైపునుంచి పెద్ద అరుపు లేచింది. గోలు పడింది. ఉదయభాను గేటు ఊచ పట్టుకుని ఆ అరుపు పూర్తిగా అణగేదాకా విన్నాడు.

“ఎవరేసినారో,” అన్నాడు.

ఆ తరువాత లోపలికి వెళ్ళి కిటికీకి మళ్ళీ దుప్పటి కట్టుకున్నాడు. సుచరిత నా చేతిలోని సైకిలు తీసుకుని గోడకు ఆనించింది. రోజూ నాకు వేసే కుర్చీ వసారాలోనే ఉంది. కూర్చోమని ఆమె అనలేదు, నేనూ కూర్చోలేదు.