ఆంపోమా మెడలో నట్ల దండ

ఘానా దేశంలోని కుమాసీలో, సుఆమే మెకానిక్ షెడ్లకు వెళ్ళి ఇంజన్ విప్పేదెవరని అడిగితే వందమంది చేతులెత్తుతారు. విప్పకుండా బాగుచేసేదెవరని అడిగితే మాత్రం కాసేపు తలలు గోక్కుని, "అదుగో, ఆంపోమా అక్క" అని అందరూ ఒకే వైపు చూపిస్తారు.

ఆమె ఈ పని ఎవరి దగ్గరా చేరి నేర్చుకోలేదు. తొమ్మిదేళ్ళు అక్కడే పెండలం ముక్కలు వేయించి అమ్మింది. చేతులు బాణలి దగ్గర, చెవులు ఇంజన్ల దగ్గర. ఏ బండి దేనికి దగ్గుతోందో, ఏ మేస్త్రి ఎక్కడ తప్పటడుగు వేశాడో వింటూ, తనలో తనే తీర్పులు చెప్పుకునేది. ఒకనాడు ఆ తీర్పు నోరుజారి పైకి వచ్చేసింది. తీరా చూస్తే అదే నిజమైంది. అప్పట్నించి మిరప్పచ్చడి నూరే చేత్తోనే స్పానర్ పట్టుకుంది.

ఆ శుక్రవారం పొద్దున ఒబెంగ్ ఆమె దగ్గరికి ఏడుపు మొహంతో వచ్చాడు. అతనిది ఇరవై ఆరేళ్ళనాటి టాక్సీ. దాని ఇంజన్ ఇంతవరకూ ఎవరూ విప్పలేదు. మూడు రోజులుగా బండి వేడెక్కి స్లోలో నిలబడితే చాలు, ఆయిల్ బొమ్మ ఉన్న ఎర్రదీపం వెలుగుతోంది. పక్క షెడ్డు గ్యాసీ మేస్త్రి చూసి, "బేరింగులు పోయాయి, ఇంజన్ దించాల్సిందే" అని తేల్చి, దూలానికి చైన్ కప్పీ కూడా తగిలించాడు. దించితే నెలరోజులు బండి లేనట్టే. పైగా ఒకసారి విప్పిన ఇంజన్ మళ్ళీ మునుపటిలా అవుతుందని సుఆమేలో ఎవరూ ఒట్టేసి చెప్పరు. రేపు శనివారం మాంపోంగ్‌లో అత్తగారి కర్మ. అక్కడి ఆచారం ప్రకారం నల్లబట్ట కట్టుకుని, పెళ్ళాన్నీ మరదళ్ళనీ ఎక్కించుకుని వెళ్ళాల్సిన అల్లుడు తను.

"దీపం అబద్ధం చెప్పదు కదక్కా?"

"దీపానికేం తెలుసు తమ్ముడూ? ఇంజన్‌కున్న ఆయిల్ సెన్సర్ ఏది చెవిలో ఊదితే అదే వాగుతుంది. ముందు ఆయిల్‌నే అడుగుదాం."

సెన్సర్ ఊడదీసి, ఆ కన్నంలో ఆయిల్ ఒత్తిడి చూపించే గొట్టమున్న గేజు బిగించింది. ఇంజన్ నడిపించి, బండి బాగా కాగేదాకా ముక్కాలిపీట మీద కదలకుండా కూర్చుంది.

"పెండలం వేగిందో లేదో చూస్తున్నావా ఆంపోమా?" గ్యాసీ నవ్వాడు.

"అవును మేస్త్రీ. పచ్చిగా ఉండగానే దించెయ్యడం నీకలవాటు, నాకు కాదు."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ఒబెంగ్ నవ్వలేదు. అతని కళ్ళు గేజు ముల్లు మీదే ఉన్నాయి. ఇంజన్ కాగేకొద్దీ అది దిగుతూ దిగుతూ వచ్చి, ఒకటి అంకె మీద నిలబడింది. ఇంక దిగలేదు.

"ఈ వయసులో ఇది చాలు. రోగం ఇంజన్‌కి కాదు, చాడీలు చెప్పేవాడికి."

"సెన్సర్ మార్చాక కూడా వెలిగితే?" అన్నాడు గ్యాసీ.

"నీ గొలుసు నేనే లాగుతా, సరేనా?"

పాత సామాన్ల కొట్లో డబ్బా నిండా సెన్సర్లే. ఆంపోమా మెడలోంచి తీగ తీసింది. చచ్చిపోయిన ఇంజన్ల నుంచి, సెన్సర్ బిగించే కన్నం ఉన్నంత మేర కోసి తెచ్చిన నట్లు దానికి దండలా గుచ్చి ఉంటాయి. ఏ నట్టు ఏ బండిదో తెలిసేలా ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డపీలిక. ఒబెంగ్ బండిది పసుపు. మొదటి సెన్సర్‌కి రెండు కొనలున్నాయి. అది దీపం బదులు ముల్లు తిరిగే బళ్ళది, పక్కన పెట్టేసింది. రెండోది పసుపు నట్టులో ఒకటిన్నర చుట్టు తిరిగి కరుచుకుంది.

"కొంచెం బలంగా తిప్పమ్మా, అన్నీ ఒకటే," అన్నాడు కొట్టువాడు.

"నీ కాలికి నా చెప్పు కూడా బలంగా తొడిగితే ఎక్కుతుంది నాయనా. నడుస్తావా మరి?"

మూడోది వేళ్ళకే మెత్తగా తిరిగి, లోపలికి వెళ్ళేకొద్దీ బిగుసుకుంది. "ఇదీ మన పిల్ల," అంది.

షెడ్డుకొచ్చాక బండి కిందికి దూరుతూ, "నీ చెయ్యి సన్నం, పైనుంచి నువ్వు మొదలెట్టు, కింద నుంచి నేను బిగిస్తా," అని సెన్సర్‌ని ఒబెంగ్‌కి ఇచ్చింది. ఆ ఊరి డ్రైవర్లకి డాష్‌బోర్డులో తెల్ల టేపు చుట్ట లేకపోతే తోచదు. కారే ప్రతిదానికీ అదే మందు. అక్క కష్టం వృథాగా కారిపోకూడదని ఒబెంగ్ సెన్సర్ మర నిండా ఆ టేపు ఎనిమిది చుట్లు చుట్టి మరీ ఎక్కించాడు.

బిగించడం అయ్యాక తాళం తిప్పాడు. దీపం వెలగలేదు.

"పోయింది! పీడ విరగడైంది!" గంతేశాడు. నలుగురూ చప్పట్లు కొట్టారు.

ఆంపోమా బండి కిందనుంచి బయటికొచ్చింది. మొహంలో నవ్వు లేదు. "ఇంజన్ నడుస్తోందా?"

"ఇంకా స్టార్ట్ చెయ్యలేదక్కా."

"నడవని ఇంజన్లో ఆయిల్ ఒత్తిడెంత?"

"ఏముంటుంది... సున్నా."

"సున్నాకి వెలగాల్సిన దీపం ఎందుకు పడుకుంది? రేపు మాంపోంగ్ కొండెక్కేటప్పుడు ఆయిలంతా కారిపోయినా ఇలాగే పడుకుంటుంది. ఇంజన్‌తోపాటు నువ్వూ పడుకుంటావు."

ఒబెంగ్ డాష్‌బోర్డులోని టేపు చుట్ట చూపించాడు.

"ఒక్క తీగ ఉన్న సెన్సర్‌కి రెండో తీగ ఆ మరే తమ్ముడూ. కరెంటు వెనక్కెళ్ళే దారికి దుప్పటి కప్పేశావు."

తిట్లకి సిద్ధపడి తల వంచుకున్నాడు. ఆమె తిట్టలేదు. మళ్ళీ ఊడదీసి, గోరుతో టేపు పీకుతూ నెమ్మదిగా అంది: "మొదటి ఏడాది నేనూ ఒక బండికి ఇలాగే చుట్టాను. దాని ఇంజన్ దారిలోనే బిగుసుకుపోయింది. ఆ డ్రైవరు నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే మర్చిపోలేదు."

టేపు లేకుండా బిగించాక తాళం తిప్పితే దీపం ఎర్రగా వెలిగింది. స్టార్ట్ చేస్తే రెండు క్షణాల్లో ఆరింది. గ్యాసీ దూలం మీంచి చైన్ కప్పీ దించేశాడు.

అయినా ఆమె వదల్లేదు. దీపం వెలిగేది బండి కాగి స్లోలో ఉన్నప్పుడు కదా. సుఆమే రోడ్డు ఎప్పట్లాగే జామైపోయి ఉంది. ఆ ఇరుకులో టాక్సీ అంగుళం అంగుళం పాకుతుంటే, కిటికీ పట్టుకుని, కళ్ళు డాష్‌బోర్డు మీదే పెట్టి, ఎండలో అరగంట పక్కనే నడిచింది. దీపం వెలగలేదు. రోడ్డు మలుపులో, "ఆపెయ్, మళ్ళీ స్టార్ట్ చెయ్," అంది.

"ఇక్కడా? వెనక లారీలున్నాయక్కా!"

"చెయ్యి ముందు."

ఆపాడు. వెలిగింది. స్టార్ట్ చేశాడు. ఆరింది. వెనక హారన్లు, వాటితో కలిసి తిట్లు.

"తిట్టనీ. వాళ్ళ ఇంజన్ కాదుగా," అని ఆంపోమా బండి కప్పు మీద రెండుసార్లు తట్టింది. "పో. మీ ఆవిడ నల్లబట్టలు సర్దుకుని కూర్చునుంటుంది."