కొసరు తూటాలు

మా ఇంట్లో తుపాకి కొత్త వస్తువేమీ కాదు. చెన్నూరు వైపు గోదావరి ఒడ్డున మాకు చేను ఉన్న రోజుల్లో, అడవి పందులను బెదరగొట్టడానికి మా ఇంటాయన లైసెన్సు తీసుకుని రెండు గొట్టాల తుపాకి ఒకటి పెట్టుకున్నాడు. పంట చేతికొచ్చే ముందు ఒకటో రెండో తూటాలు ఆకాశంలోకి కాల్చేవాడు. అంతే. మిగతా కాలమంతా అది పాత దుప్పటి చుట్టుకుని బీరువాలో పడుకునేది. తిండి అడగని తుపాకి.

ఆయన పోయాక ఆ తుపాకి, దాని లైసెన్సు మనుమరాలి పేరు మీదికి మారాయి. నా కొడుకు మస్కట్‌లో ఉంటాడు కాబట్టి పిల్ల నా దగ్గరే పెద్దపల్లిలో పెరిగింది. కాలేజీలో ఎన్‌సీసీలో చేరి గురి నేర్చుకుంది. నేర్చుకున్నది ఊరకే ఉంచుతుందా? ఇప్పుడు పందులను కాదు, మూకుళ్లను కాలుస్తుంది.

మూకుళ్లు అన్నది నా మాట. ఆ ఆట ఆడేవాళ్ల మాట వేరే ఉంది. చూడటానికి కుండ మీద బోర్లించే చిన్న మూకుడులాగే నారింజ రంగులో ఉంటుంది. గుంతలో దాచిన యంత్రం దాన్ని గాలిలోకి విసిరేస్తుంది. అది నేల మీద పడేలోగా ఈ పిల్ల కాల్చి పగలగొట్టాలి. చెయ్యి జారి ఇంట్లో ఒక గాజు గ్లాసు పగిలితే ఆ రోజంతా గొణిగే మనిషిని నేను. మా మనుమరాలేమో పగలగొట్టినందుకు చప్పట్లు కొట్టించుకుంటుంది. మొదటిసారి మైదానానికి పోయినప్పుడు గడ్డిలో పగలకుండా పడి ఉన్న మూకుడు ఒకటి కొంగులో దాచి తెచ్చాను, పాలగిన్నె మీదికి సరిగ్గా సరిపోతుందని. వేడి పాల మీద పెట్టిన కాసేపటికి ఇల్లంతా రోడ్డు వేస్తున్న వాసన. అది మట్టి కాదట, తారు కలిపి చేస్తారట. పాలు పారబోశాను. ఆ కోపం ఇంకా పోలేదు.

అందుకే ఈ ఏడు ఒక షరతు పెట్టాను. కరీంనగర్ బయట గుట్టల పక్క మైదానంలో రాష్ట్ర జట్టుకు పిల్లలను ఏరుతారు. అందులో మనుమరాలు నెగ్గితే సరే. నెగ్గకపోతే తుపాకి అమ్మేయాలి. పిల్ల "సరే బాపమ్మా" అంది. తాతను అమ్ముతానన్నట్టు ముఖం పెట్టింది కానీ ఎదురు చెప్పలేదు.

పోటీకి కొన్నాళ్ల ముందు తూటాలు కొనడానికి ఇద్దరం కరీంనగర్ పోయాం. దుకాణం నడిపే భాయ్ నెమ్మదస్తుడు, కళ్లద్దాలు ముక్కు కొస మీద పెట్టుకుని మాట్లాడతాడు. తూటాలంటే అన్నీ ఒకటే అనుకున్నాను. కాదు. ఎర్రవి, నీలివి, పొడుగువి, పొట్టివి, లోపల ఒక్కొక్క నంబరు ఛర్రాలు, అంటే సన్నటి సీసం గుళ్లు. చీరల దుకాణంలో కూడా ఇన్ని రకాలు విప్పరు.

"ఏడున్నర నంబరు కావాలె భాయ్" అంది పిల్ల.

నేను ఆమె చెయ్యి పట్టి ఆపాను. "ఏడున్నరనా? శనీశ్వరుడు పట్టుకునేది ఏడున్నర ఏండ్లు! పోటీకి పోయే పిల్ల చేజేతుల ఏల్నాటి శనిని కొనుక్కుంటదా? వేరే నంబరు చెప్పు."

"బాపమ్మా, అది ఛర్రా నంబరు. శనికీ దానికీ ఏం సంబంధం?"

"ఎనిమిది ఉన్నది అమ్మా" అన్నాడు భాయ్. "కాని ఛర్రా ఇంకా సన్నముంటది."

"నంబరు పెరిగితే ఛర్రా పెరగాలె గదా?"

"ఉల్టా అమ్మా. నంబరు పెరిగితే ఛర్రా తగ్గుతది."

ఇదేం లెక్క? నేను చదివింది మూడో తరగతి వరకే అయినా ఏడు కంటే ఎనిమిది పెద్దదని తెలుసు. నేర్పే సారు ఏడున్నరే చెప్పాడని పిల్ల మొండికేసింది. చివరికి ఏడున్నరే ఒప్పుకోవలసి వచ్చింది.

రిజిస్టరులో పిల్ల సంతకం చేసింది. లైసెన్సు జిరాక్సు కావాలంటే తీయించుకురావడానికి పక్క సందులోకి పోయింది. దుకాణంలో నేను, భాయ్ మిగిలాం. అప్పుడు అడిగాను.

"మరి కొసరేది భాయ్?"

ఆయన అద్దాలు తీశాడు. "తూటాలకు కొసరు ఏందమ్మా?"

"ఎందుకుండదు? కొత్తిమీర కొన్నా పాలు కొన్నా కొసరు లేకుండ నేను గడప దాటలే. హుజూరాబాద్ అంగట్ల మిరపకాయలోడు నన్ను చూసుడుతోటే ఒక గుప్పెడు తీసి పక్కన పెడ్తడు. నువ్వు గిన్ని డబ్బాలు అమ్మి వట్టి చేతులతోటి పంపుతవా?"

భాయ్ తల గోక్కున్నాడు. తర్వాత పై అరలోంచి ఇంకో రకం డబ్బా దించాడు. ఛర్రా నంబరు అదే, ధర అదే. కాకపోతే పిల్ల అడిగిన తూటాలో ఛర్రాలు ఇరవై నాలుగు గ్రాములు, ఇందులో ఇరవై ఎనిమిది. "నేర్చుకునుడుకు గివి కూడ కొంటరమ్మా" అన్నాడు. ఒక్కో తూటాలో నాలుగు గ్రాములు ఉత్త పుణ్యానికే! పోటీ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. "ఇవే కట్టు" అన్నాను. పిల్ల వచ్చేసరికి డబ్బాలు కాగితంలో చుట్టి, దారంతో కట్టి నా సంచిలో ఉన్నాయి. ఇంటికి వచ్చాక పోటీదాకా ఎవరూ ముట్టకుండా బీరువాలో పెట్టి తాళం వేసింది కూడా నేనే.

పోటీకి ముందు రోజు పొద్దున మైదానంలో చెయ్యి సరిచూసుకోవాలి. నేను చెట్టు నీడలో కూర్చున్నాను. మనుమరాలు మొదటి మూకుడు పగలగొట్టింది. తర్వాతది తప్పింది. ఆ తర్వాత వరసగా తప్పుతూనే ఉంది. కాల్చే ముందే కళ్లు మూసుకుంటోంది, భుజం వెనక్కు లాగుతోంది. ఏమైంది ఈ పిల్లకు? రాత్రి సరిగా తినలేదని తిట్టడానికి నేను లేచేలోగా నేర్పే సారు కింద పడిన ఖాళీ తూటా తొడుగు ఒకటి తీసి చూశాడు.

"ఇరవై ఎనిమిది! ఎవరు కొన్నరు గివి?"

పిల్ల తొడుగు చూసింది. తర్వాత నన్ను చూసింది.

"కొసరు అడిగినవా బాపమ్మా?"

"అడగకపోతే ఎట్ల? ఎక్కువే వచ్చింది గదా!"

సారు తల పట్టుకున్నాడు. "అమ్మా, ముందుకు ఎంత బరువు పోతే వెనక్కు గంత తన్నుతది. పాత తుపాకి, ఇంకా గట్టిగ తన్నుతది. పిల్ల భుజం చూడు. అదొక్కటే కాదు, రేపు పోటీల ఇరవై నాలుగు దాటిన తూటా పట్టుకొస్తే పక్కకు నిలబెడ్తరు. కాల్చనియ్యరు."

ఎక్కువ తెచ్చినవాడిని తప్పు పట్టే చోటు నేను ఎన్నడూ చూడలేదు. తక్కువ తెచ్చినవాడిని కదా పట్టుకోవాలి? కానీ పిల్ల చొక్కా జరిపితే భుజం ఎర్రగా కమిలి ఉంది. ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"షరతు పెట్టింది నువ్వే. తూటాలు కొన్నది నువ్వే. తుపాకి కూడ నువ్వే అమ్ముకో" అని నడుచుకుంటూ పోయింది. నా ఇంట్లో నాతో అలా మాట్లాడినవాళ్లు లేరు. లాగి ఒకటి ఇవ్వాలనిపించింది. ఇవ్వలేదు. సంచి భుజానికేసుకుని ఆమె వెనకే నడిచాను. ఆటో ఎక్కి నేరుగా దుకాణానికి పోయాం.

"భాయ్, గివి తీసుకొని తక్కువయి ఇయ్యి" అన్నాను, గడపలోంచే.

ఆయన మళ్లీ అద్దాలు తీశాడు. "మా అబ్బా కాలం నుంచి గీ దుకాణం నడుస్తున్నది. ఎక్కువ ఇయ్యమని కొట్లాడినోళ్లను మస్తు మందిని చూసిన. తక్కువ ఇయ్యమని కొట్లాడెటోళ్లను గిదే మొదలు."

"రేపు దీనికి పోటీ. జర సముదాయించు."

"రిజిస్టరుల ఎక్కింది అమ్మా. మల్ల కొట్టెయ్యాలె, మల్ల రాయాలె. పరేషాన్."

"కొట్టేసి రాయి. నేను గీడనే కూసుంట. నువ్వు రాసేదాక లేవ."

నిజంగానే బల్ల మీద కూర్చుండిపోయాను. నన్ను లేపడం కంటే రాసుకోవడమే మేలు అనుకున్నాడేమో, కలం తీశాడు. విప్పిన డబ్బా తిరిగి తీసుకోనన్నాడు. విప్పనివి మాత్రం మార్చి ఇచ్చాడు. పోటీకి అవి చాలు.

"ధర?" అన్నాను.

"అదే ధర అమ్మా."

"తూకం తగ్గింది గదా?"

"బాపమ్మా!" పిల్ల నా మోచేతి మీద గిచ్చింది. నోరు మూసుకున్నాను. ఎంత కష్టమైందో నాకే తెలుసు. లేస్తుంటే భాయ్ చెవుల్లో పెట్టుకునే మెత్తటి బిళ్లలు రెండు నా చేతిలో పెట్టాడు. "కొసరు" అన్నాడు. నవ్వాడు కూడా. నాకు నవ్వు రాలేదు. బిళ్లలు మాత్రం కొంగున ముడేసుకున్నాను.

మర్నాడు పోటీలో ఆ బిళ్లలు పెట్టుకునే కూర్చున్నాను. కమిలిన భుజం మీద తువాలు మడతపెట్టి కాల్చింది పిల్ల. కళ్లు మూయలేదు. కొన్ని పగిలాయి, కొన్ని తప్పాయి. చివరికొచ్చేసరికి జట్టులో మిగిలిన ఒక్క చోటుకు మా పిల్ల, ఇంకో అమ్మాయి సమానంగా ఉన్నారని పక్కన కూర్చున్న ఆవిడ సైగ చేసి చెప్పింది. ఆ అమ్మాయి గురి ఆఖరి మూకుడుకు తప్పింది. మా పిల్ల కాల్చింది. మూకుడు పగలలేదు! అలాగే ఎగురుతూ పోయి గడ్డిలో పడింది. నా ప్రాణం ఉసూరుమంది. చేతికందిన గెలుపు జారిపోయినట్టే.

కానీ నిర్ణయం చెప్పే ఆయన చెయ్యి ఎత్తాడు. తగిలిందన్నాడు. చెవుల్లో బిళ్లలు పీకి పక్కావిడను అడిగాను.

"అంచు మీద చిన్న పెచ్చు లేచిందమ్మా. కంటికి కనబడేంత పెచ్చు లేస్తే చాలు, పగిలినట్టే లెక్క."

"పొడి పొడి చేసినా ఒకటే, పెచ్చు లేపినా ఒకటేనా?"

"ఒకటే."

ఇదేం ఆట! నాలుగు గ్రాములు ఎక్కువైతే తప్పంటారు, గోరంత పెచ్చును నిండు మూకుడుగా రాసుకుంటారు. పక్కావిడతో వాదిద్దామని నోరు తెరిచి, మనది గెలిచిందని గుర్తొచ్చి మూశాను.

పెద్దపల్లి బస్సులో పిల్ల నా భుజం మీద తల వాల్చింది, ఆమెకు కమిలింది అవతలి భుజం కాబట్టి. "రాష్ట్ర జట్టుతోటి పోయేటందుకు మల్ల తూటాలు కావాలె బాపమ్మా. దుకాణానికి వస్తవా?"

"రాకపోతే నీకు ధర మాట్లాడుడు వస్తదా?" అన్నాను. "వస్త. కాని ఈసారి జిరాక్సు నేను తీయించుకొస్త. దుకాణంల నువ్వు కూసో."