నచ్చినోడు నిలబడాలె

మా బావ పోయిండని నాకు ఇంట్లోళ్ళు చెప్పలే. దుకాణానికి ఫోనొచ్చింది. "టెంట్ హౌసేనా? తార్నాకల ఫిజిక్స్ సారు పోయిండు. ఇంటి ముంగట షామియానా కట్టాలె, కుర్చీలు జర మంచియి పంపుండ్రి" అన్నడు ఎవరో. ఏ సారు అని అడిగితే ఇల్లు చెప్పిండు. అది మా అక్క ఇల్లు. షామియానా బండ్ల ఎక్కిచ్చి, నేనే ముంగట కూచోని పోయిన. గల్లీల ఎవరు గూడ బామ్మర్ది వచ్చిండు అనలే. టెంటాయన వచ్చిండన్నరు.

శవాన్ని చూసిన. కండ్లు మూసినా మూతి మాత్రం, ఎవరో తప్పు చెప్తుంటే వింటున్నట్టు ఒక దిక్కు వంకర వోయి ఉన్నది.

ఆయన మీద నాకొక కోపం ఉన్నది. అది నిన్న మొన్నటిది కాదు. మంది నడుమ నన్ను నిలబెట్టి, "నా బామ్మర్దికి నచ్చిందంటే అది చెడిపోయినట్టే లెక్క. ఇంక మనం చూసే పని లేదు" అన్నడు. ఆ మాట వాపస్ తీసుకోకుంటనే పోయిండు. సారు యాదిల ఏసే ఈ సంచికకు అందరు తలా ఒక కాయితం రాయాలె, సారు గురించి మంచే రాయాలె అని మనోళ్ళు చెప్పిండ్రు. మంచి ఉన్న కాడ రాస్త. లేని కాడ ఏడికెల్లి తేవాలె?

తెల్వనోళ్ళ కోసం ఓడ సంగతి చెప్త. ఓడ అంటే టీవీల వచ్చే సీరియల్. బయటి దేశపోళ్ళు తీస్తరు, మన తెలుగు మాటలు పెట్టి ఏస్తరు. భూమి కాలిపోయినంక మిగిలిన మంది ఒక పెద్ద ఓడెక్కి, చుక్కల నడుమ బతికే జాగా ఎతుక్కుంట పోతుంటరు. ఇంకెన్నేండ్లు పోతరో తీసేటోళ్ళకే తెల్వదు. ఒక కెప్టెన్ సస్తే ఇంకో కెప్టెన్ వస్తడు. దాని అసలు పేరు మస్తు పొడుగుంటది, మేము ఓడ అనే అంటం. మొదటి ముగ్గురు కెప్టెన్ల కాలంల ఓడ అట్టముక్కల తోటి చేసినట్టు కనవడేది గని మాటలు గట్టిగుండేవి. నాలుగో కెప్టెన్ ఆడామె. ఆమె వచ్చినంక ఓడ తళతళ మెరుస్తది, లోపటి మనుషులు ఏడుస్తరు గూడ. ఆమె తోటి ఓడ ఖతమైందా, ఆమె తోటే మొదలైందా? ఇదే కొట్లాట. పొలం గట్టు కాడ అన్నదమ్ములు గూడ గంత కొట్లాడరు.

బావ క్యాంపస్ క్వార్టర్ల ఉన్నప్పుడే ఆదివారం ఆదివారం మంది కూడేది. రిటైరైనంక తార్నాక ఇంటి డాబా మీదికి మారింది. నల్లకుంటకెల్లి ఒక బ్యాంకాయన వచ్చేటోడు. ఆయనది కోస్తా దిక్కు, మాటకు ముందొక అండి, వెనుకొక అండి. పి.హెచ్.డి. చేసే అమ్మాయి ఒకామె వచ్చేది. హాస్టళ్ళకెల్లి పోరగాండ్లు వచ్చేటోళ్ళు. నన్ను పిలిచింది ఓడ చూడనికి కాదు, కుర్చీలు తెమ్మని. తెచ్చిన, ఏసిన, ఎనుక కూచోని చూసిన. నచ్చింది. "బాగున్నది బావా" అన్న.

"లే" అన్నడు.

"ఎందుకు?"

"నచ్చినోడు నిలబడాలె. ఈడ కాయిదా అదే, రూలంటే రూలే. తిట్టాలంటే బుర్ర పెట్టి చూడాలె, కాబట్టి కూచోని తిట్టొచ్చు. మెచ్చుకునుడు బేకార్ పని, ఎవడైన చేస్తడు. చేసేటోడు కాళ్ళ మీద నిలబడి చెయ్యాలె."

ఎందుకు నచ్చిందో చెప్పాలె. బావ "చాలు" అన్నంకనే కూచోవాలె. అందుకే అందరు తిట్టుడు నేర్చుకున్నరు. లోపల నచ్చినోడు గూడ కుర్చీ పోతదని తిట్టేటోడు. కుర్చీలన్ని నావి. నిలబడేటోన్ని నేనొక్కన్ని.

నాకు కోపం తెచ్చిన ఆదివారం గూడ అట్లనే నిలబడ్డ. ఆ భాగంల ఒక మెకానిక్ మంచుగడ్డ మీద ఒక్కడే మిగిలిపోతడు. ఓడ మస్తు దూరం పోతది. ఆడ కెప్టెన్ వాని కోసమని ఓడను ఎనుకకు మలుపుతది. అయిపోంగనే నేను లేచిన.

"ఏం నచ్చింది బామ్మర్దీ?"

"మనిషి కోసం మలిపింది."

"దాని బరువెంత, స్పీడెంత? తార్నాక చౌరస్తల ఆటో మలిపినట్టు మలుపుతార్రా ఓడను?"

"మలిపింది గదా. మలిపినంక మలపరాదంటవేంది?"

డాబా మీద అందరు పడి పడి నవ్విండ్రు. బ్యాంకాయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. బావ ఒక్కడే నవ్వలే. "ముందు సైన్సుండె, ఇప్పుడు సంసారం వచ్చింది" అన్నడు. సంసారం లేని సైన్సు ఎవనికి కావాలె అన్న. అప్పుడన్నడు ఆ మాట. నాకు నచ్చిందంటే చెడిపోయినట్టే అని. అని, టీవీ బందు చేసి కిందికి దిగిండు. "చాలు" అనలే. మంది నన్ను దాటుకుంట మెట్లు దిగిండ్రు. నేను నా కుర్చీల నడుమ నిలబడే ఉన్న.

దాని తర్వాత పోరగాండ్లు నాకు బామ్మర్ది మీటరని పేరు పెట్టిండ్రు. కొత్త భాగం రాంగనే ఫోన్ జేసేటోళ్ళు. "పెద్దాయనా, నచ్చిందా?" "నచ్చింది బిడ్డా." "థాంక్సండి, అయితే మేం చూడం." ఫోన్ పెట్టేస్తరు. అవుతల నవ్వుడు ఇనవడేది. బజార్ల పోతుంటే చాయ్ హోటల్ కాడ కూచున్నోళ్ళు గూడ అడుగుడు మొదలువెట్టిండ్రు. ఓడ అంటే ఏందో తెల్వనోడు గూడ అడిగేటోడు. నేను పోవుడు బందు చెయ్యలే. బందు చేస్తే వాళ్ళ మాట నిజమైతది. ప్రతి ఆదివారం పోయిన, నచ్చితే లేచిన. మోకాళ్ళు అరిగినంక గూడ లేచిన.

నన్నొక్కన్నే అన్నడని అనుకోవద్దు. ఆ మనిషి నోరు అందరి మీద ఒక్క తీరుగనే ఉండేది. పి.హెచ్.డి. అమ్మాయి ఓడ మీద ఏందో పెద్ద వ్యాసం రాసి తెచ్చి సూపెడితే, రెండు కాయితాలు తిప్పి, "ఇది ఓడ కంటె పొడుగున్నది, ఓడ కంటె నెమ్మదిగ నడుస్తున్నది" అన్నడు. ఆమె ఏడ్చుకుంట దిగిపోయింది. మల్ల ఆదివారం దాన్నే సగం చేసి తెచ్చింది. "ఇప్పుడు పొడుగొక్కటే తగ్గింది" అన్నడు. ఆ అమ్మాయి ఇప్పుడు కాలేజీల పాఠం చెప్తున్నది. సారు లేకుంటే రాసుడు రాకపోవునని సంతాపం మీటింగుల చెప్పింది. రాసుడు వచ్చిందో లేదో నాకు తెల్వదు, ఏడ్చుడైతే బాగ వచ్చింది.

ఆయన అలవాట్లు గూడ గట్లనే ఉండేవి. సీరియల్ల పాట గాని, ఏడుపు వాయిద్యం గాని రాంగనే సౌండు బందు వెట్టేటోడు. "వాళ్ళు ఏడ్వమన్నప్పుడు నేను ఏడ్వ" అనేటోడు. దోసె అంచు మాడితేనే తినేటోడు, మాడకుంటే పక్కకు నెట్టేటోడు. మా అక్క కావాలనే మాడ్చి పెడితే, కావాలని మాడ్చినవని వంక పెట్టేటోడు. కుర్చీ ఒక్కటి ఎత్తి పక్కకు జరిపిన పాపాన పోలే.

మంచి రాయమన్నరు గదా, ఇగో రాస్తున్న. నా ఇంటామె పోయినప్పుడు మా సుట్టాలంత వచ్చి భుజం మీద చెయ్యేసి పోయిండ్రు. ఊకోమన్నరు, తినమన్నరు. నేను తినలే. మూడో దినం బావ వచ్చిండు. ఊకోమనలే. చంకల లాప్‌టాప్ ఉన్నది. నా పక్కన మంచం మీద పెట్టి, ఆ మంచుగడ్డ భాగమే ఏసిండు. ఏసి, ఆడ కెప్టెన్‌ను తిట్టుడు షురు జేసిండు. దానికి ఓడ నడుపుడు రాదు, దాని మొకం గూడ సక్కగ లేదు, దాన్ని మెచ్చేటోనికి తలకాయ లేదు అన్నడు. ఇంకా తిట్టిండు. నాకు మంట లేచింది.

"నా ఇంట్ల కూచోని ఆమెను అంటవా? నీ మొదటి కెప్టెన్ ఎవన్నన్న ఒక్కన్ని బతికిచ్చిండా?"

"వాడు సైన్సు తప్పలే."

"సైన్సు తప్పలే, మనుషులు సచ్చిండ్రు. గంతే గదా?"

కొట్లాడుకుంట కొట్లాడుకుంట బువ్వ ఎప్పుడు కలిపిన్నో, ఎప్పుడు తిన్ననో తెల్వదు. కంచం ఖాళీ కాంగనే లాప్‌టాప్ మూసి లేచిండు. "ఇంకా అదే చెత్త నచ్చుతున్నది నీకు. బతుకుతవు పో" అన్నడు. మళ్ళ ఆ సంగతి ఎన్నడు ఎత్తలే. నేను గూడ ఎత్తలే. ఇప్పుడు రాసిన.

ఆఖరుకు ఆయనకు ఊపిరి బీమారి వచ్చింది. దవాఖానోళ్ళు ఇంటికి పంపిండ్రు. నోరు ఇంకా చెడ్డగైంది. సూడవచ్చినోళ్ళు తెచ్చిన పండ్లు సూసి, "ఇయి పుచ్చినయి, మీ తీరుగనే" అనేటోడు. బ్యాంకాయన రెండుమాట్ల వచ్చి మానిండు. పోరగాండ్లు ఫోన్లల దండాలు పెట్టిండ్రు. మాపటికి నేనొక్కన్ని పోయేటోన్ని. ఆయన మంచం మీద, నేను కుర్చీల, కొత్త భాగాలు చూసినం. అన్నిటిని తిట్టిండు. తిట్టనీకి ఊపిరి సాలక, ఒక్కో తిట్టును రెండు ముక్కలు జేసి తిట్టిండు.

ఆ ఏడు ఆఖరి భాగం వచ్చింది. ఆడ కెప్టెన్ ముసల్దైంది. జాగా దొరకలే. ఇంక దొరకదని ఆమెకు తెలుసు, మందికి చెప్పాలె. ఓడ అద్దాల కిటికీ కాడ నిలబడి, "మనం ఏడికి పోతలేము. ఇన్నేండ్ల సంది మన ఊరు ఇదే" అంటది. దీపాలు ఒక్కొక్కటి ఎలుగుతయి. వాయిద్యం మోగింది. నేను బావ దిక్కు చూసిన, సౌండు బందు వెడతడని. పెట్టలే. మంచం పక్కకున్న ఇనుప రాడు పట్టుకున్నడు. కాళ్ళు కిందికి దించిండు. లేచిండు.

"ఏంది బావా, నచ్చిందా?" అన్న.

"బాత్రూంకు లేచిన రా, గాడిదా."

బాత్రూంకు పోలే. బాత్రూం ఎడమ దిక్కున్నది. ఆయన మొకం టీవీ దిక్కే ఉన్నది. తీసినోళ్ళ పేర్లు కిందికెల్లి మీదికి పోతున్నయి. పేర్లు పోయేదాక నిలబడ్డడు. రాడు ఇడిసిపెట్టలే. నా దిక్కు చూసిండు. ఎవరో ఒకరు "చాలు" అనాలె గదా. నేననలే. నేనెందుకనాలె? ఆయన నాకన్నడా? ఆఖరి పేరు పోయినంక ఆయనే మంచం మీద కూలవడి కూచున్నడు. ఆ వారంలనే పోయిండు.

సంతాప సభ క్యాంపస్‌ల పెట్టిండ్రు. కుర్చీలు నావే. బ్యాంకాయన మైకు పట్టుకోని, "మాస్టారు చివరి శ్వాస దాకా తమ అభిప్రాయం మార్చుకోలేదండి. మూడో కెప్టెన్‌తోనే ఓడ అయిపోయిందన్నారు, ఆ మాట మీదే నిలబడ్డారు" అన్నడు. చప్పట్లు కొట్టిండ్రు.

నేను లేచిన. "మార్చుకున్నడు. ఆఖరి భాగానికి లేచి నిలబడ్డడు. నేను చూసిన" అన్న. జరిగిందంత చెప్పిన. బాత్రూం మాట గూడ చెప్పిన. అబద్ధమాడేటోన్నైతే అది దాచకపోదునా?

బ్యాంకాయన మైకు ఇంకింత దగ్గరికి తీసుకున్నడు. "పెద్దాయనా, మరి బాత్రూంకేనేమోనండి?" అన్నడు.

సంతాప సభల గంత నవ్వుడు నేనెన్నడు చూడలే. ఫొటోకు ఏసిన దండ గూడ ఊగినట్టనిపిచ్చింది. ఎనుక వరుసలకెల్లి ఎవడో, "మీటరు ఇంకా పనిచేస్తున్నది" అన్నడు. పి.హెచ్.డి. అమ్మాయి తల దించుకున్నది. భుజాలు కదులుతున్నయి. ఏడుస్తున్నదో నవ్వుతున్నదో తెల్వలే.

అక్కను అడిగిన. ఆ మాపటికి ఆమె వంటింట్లనే ఉన్నది, తలుపు తీసే ఉండె. "అక్కా, నువ్వు చూసినవా, బావ నిలబడ్డది?" అన్న.

అక్క చాట పక్కకు పెట్టింది. "చూసిన" అన్నది.

"మరి చెప్పవేందే నలుగురి ముంగట?"

"పెండ్లైన కాడికెల్లి ఆయనకు వండి పెట్టిన. నా కూరకు ఒక్కనాడు లేచి నిలబడలే. బాగున్నది అనలే. గా డబ్బల ఆడిదానికి లేచిండని నేను మంది నడుమ చెప్పాల్నా? బాత్రూంకే లేచిండురా. అట్లనే ఉండనీ. దేనికీ లేవనోడు అనుకుంటనే నాకు నిమ్మళం."

అక్క లేచి పొయ్యి ముట్టిచ్చింది. చాయ్ ఇచ్చింది. తాగిన. బాగున్నది అక్కా అన్న. "పోరా" అన్నది.

అక్క దుఃఖం అక్కది. నేను కాదన. ఆమె కోసం నేను నోరు మూసుకుంటే నా మోకాళ్ళకు జవాబు ఎవరు చెప్తరు? తోబుట్టువని ఊకునే మనిషిని కాదు నేను.

క్యాంపస్‌ల బావ మంచం పట్టినంక మనోళ్ళు కూడే అర్రల బావ ఫొటో కడుతున్నరట. మాసికం వచ్చే గురువారం, ఆ దినమే కడ్తరట. ఫొటో కింద "నాలుగో కెప్టెన్‌ను ఏనాడూ ఒప్పుకోని మాస్టారు" అని రాయిస్తున్నరట. బ్యాంకాయనా, పి.హెచ్.డి. అమ్మా, హాస్టల్ పోరగాండ్లూ, ఈ కాయితం మీకే. కాయిదా పెట్టింది ఆయన. ఇన్నేండ్లు దాని తోటి నన్ను నిలబెట్టింది మీరందరు. ఊపిరి అందని మనిషి రాడు పట్టుకోని, టీవీ దిక్కు మొకం పెట్టి, ఆఖరి పేరు పోయేదాక నిలబడ్డడు. మీ కాయిదా ప్రకారం ఆయనకు నచ్చిందా, నచ్చలేదా? బుధవారం పొద్దుగూకే లోపల నాకు జవాబు చెప్పుండ్రి.