చావని కనకవల్లి

పెనుగంచిప్రోలు మిషను బడి టీచరు రత్నమణికి ఇరవై రెండేళ్లకే భర్త పోయాడు. ఇక ప్రార్థన చేసుకుంటూ మూల కూర్చోమన్నారు అత్తవారు. ఆవిడ ప్రార్థనా మానలేదు, మూలా కూర్చోలేదు. టీచరు ట్రైనింగు పూర్తిచేసి ఉద్యోగం తెచ్చుకుంది.

నాటకాలంటే ఆవిడకు ప్రాణం. కానీ ఏ నాటకం చూసినా మొగుడు పోయిన ఆడది చివరి రంగంలో విషమైనా తాగేది, నూతిలోనైనా దూకేది. జనం కళ్లొత్తుకుంటూ ఇళ్లకు పోయేవారు.

1958 వేసవి సెలవుల్లో రత్నమణే ఒక నాటకం రాసింది. అందులో విధవరాలు కనకవల్లి చివరికి పెట్టె పట్టుకుని ట్రైనింగుకని బస్సెక్కను బయల్దేరుతుంది. నందిగామలో నాటక సమాజం నడిపే కోర్టు గుమాస్తా కుటుంబరావుకు అంతా నచ్చింది, ఆ చివర తప్ప.

"మా వీరరాఘవయ్య ఆడవేషం కట్టి చస్తే చూడాలండీ టీచరు గారూ! జగ్గయ్యపేటలో వన్స్ మోర్ కొడితే, చచ్చినవాడు లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చాడు."

"కనకవల్లికి చచ్చేంత కష్టం ఏమొచ్చిందండీ?"

"మొగుడు పోయాడు కదమ్మా!"

"నాకూ పోయాడు."

కుటుంబరావు నాలిక కరుచుకున్నాడు. అయినా ఊరుకోలేదు. "లోకంలో ఉన్నదే కదండీ నాటకంలో చూపిస్తాం."

"నేనూ లోకంలోనే ఉన్నానండీ. చంపేట్టయితే నా కాయితాలు నాకిచ్చెయ్యండి."

అప్పటికే ఊరంతా టముకు వేయించి ఉన్నాడు. సరేనన్నాడు.

ఆడిన సాయంత్రం పందిరి కిటకిటలాడింది. చివరి రంగంలో వీరరాఘవయ్య తెల్లచీర చెంగు బొడ్లో దోపి, అత్తగారికి దణ్ణం పెట్టి, పెట్టె పట్టుకుని నడిచిపోయాడు. తెర పడింది. ఒక్కరూ లేవలేదు.

"పద్యం ఏదయ్యా?" అని ముందు వరసలోంచి కేక.

"చచ్చేదాకా కదలం!" వెనకనుంచి ఈలలు.

ఆ కేకలకు తెరవెనక వీరరాఘవయ్యకు కాలు నిలవలేదు. పెట్టె కింద పెట్టేశాడు. కుటుంబరావు హార్మోనియం అతనికి సైగచేసి, "ఒక్క పద్యం, టీచరు గారూ! పాడి పడిపోతాడు, అంతే" అంటూ తెర తాడుకోసం చెయ్యి చాచాడు.

అప్పటికే రత్నమణి తాడును ముంజేతికి చుట్టేసుకుంది.

"పాడమనండి. తెర మాత్రం లేవదు."

"కుర్చీలు విరగ్గొడతారమ్మా!"

"కుర్చీలే కదండీ."

వీరరాఘవయ్య బతిమాలాడు. "ఒక్కసారి చచ్చి వచ్చేస్తానమ్మా. అలవాటైపోయిన ప్రాణం."

"పెట్టె అందుకోండి వీరరాఘవయ్య గారూ. మీ బస్సు వెళ్లిపోతుంది."

అతను కుటుంబరావు వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. వంగి పెట్టె అందుకున్నాడు.

ఈలలు ఇంకాసేపు సాగాయి. అంతలో ఆడవాళ్ల వైపునుంచి ఎవరో పెద్దావిడ కసిరింది. "ఆ పిల్ల శుభ్రంగా చదువుకోను పోయిందిగా! ఇంకెవరి చావు కోసమర్రా కూచున్నారు? లేవండి!"

ఎవరో నవ్వారు. బెంచీలు కదిలాయి. పందిట్లో ఆఖరి గొంతు వినబడకుండా పోయేదాకా రత్నమణి ఆ తాడు వదల్లేదు.