హుల్డా అమ్మను వెతకని చోటు

జర్మన్లు ఓడలెక్కి వచ్చి అడిలైడ్ దగ్గర కట్టుకున్న ఐకెన్‌టాల్ ఊళ్ళో ఎవరికి తాతముత్తాతల ఊసు కావాలన్నా హుల్డా నోస్కె ఇంటికే వెళ్ళాలి. ద్రాక్ష తీగల కత్తిరింపు అయిపోయిందంటే చాలు, ఆమె చర్చి వెనక గదిలో చేరి పాత బాప్తిస్మాల పుస్తకాలు, పెళ్ళిళ్ళ పుస్తకాలు, సమాధుల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేది. "మా ముత్తాత ఏ ఓడలో వచ్చాడో కాస్త చూసి పెట్టు హుల్డా" అని వచ్చినవాళ్ళకి ముందు కేకు ముక్క పెట్టి, తర్వాత ఓడ పేరుతోపాటు ముత్తాత ఎవరికీ చెప్పకుండా దాచిన మొదటి పెళ్ళాన్ని కూడా బయటికి లాగేది. అది తెలిసినవాళ్ళు కేకు తిని, ముత్తాత ఊసెత్తకుండా జారుకునేవాళ్ళు.

అందరి పుట్టుపూర్వోత్తరాలూ తవ్విపోసే ఆ మనిషికి కన్నతల్లి సమాధి ఎక్కడుందో తెలియదు.

తల్లి పేరు ఒట్టీలియ. ఆమె పెళ్ళి పుస్తకంలో ఉంది. కూతురు హుల్డా బాప్తిస్మం కూడా ఉంది. ఆ తర్వాత ఆ పేరు ఇక ఏ పేజీలోనూ లేదు. తండ్రిని అడిగితే టోపీ తీసుకుని తోటలోకి వెళ్ళిపోయేవాడు. పెంచిన మేనత్త బెర్తా అయితే, "నిన్ను ఉయ్యాల్లో వదిలేసి పోయినదాని గోల నీకెందుకే?" అని కసిరేది. బళ్ళో పిల్లలు ఇంకాస్త ఉప్పూకారం జోడించి, గుడ్డలమ్మేవాడి బండెక్కి లేచిపోయిందనేవాళ్ళు. హుల్డా ద్రాక్ష వరసల మధ్య దాక్కుని ఏడ్చేది. అమ్మ వదిలిపోలేదు, చచ్చిపోయింది. చచ్చిపోయినట్టు ఒక్క ముక్క ఎక్కడైనా రాసి ఉంటే చాలు, అది పట్టుకెళ్ళి అందరి మొహాన కొట్టాలి. ఆమెకు ఈ పుస్తకాల పిచ్చి పట్టింది అందుకే. చుట్టుపక్కల ఊళ్ళ చర్చిలన్నీ తిరిగింది. అడిలైడ్ దాకా వెళ్ళి, దిక్కులేని శవాల్ని పాతిపెట్టే చోటు కూడా గాలించింది. తనకి అరవై ఏళ్ళు దాటాయి గానీ అమ్మ దొరకలేదు.

ఆమె వెతకని చోటు ఒక్కటే. వాళ్ళ చర్చికి ఎదురుగా, రోడ్డు దాటగానే, ఇంకో చర్చి ఉంది.

అక్కడా లూథర్ బోధే, అవే పాటలు, అదే జర్మన్ ప్రార్థన. ముత్తాతల కాలంలో, క్రీస్తు తిరిగొచ్చి భూమ్మీద వెయ్యేళ్ళు ఏలుతాడా ఏలడా అని ఇద్దరు పాస్టర్లకి మాటామాటా పెరిగి ఊరు రెండుగా చీలింది. ఆ వెయ్యేళ్ళ సంగతి దేవుడికెరుక గానీ, అప్పటినుంచి ఈ చర్చివాళ్ళు ఆ చర్చివాళ్ళ పెళ్ళికి పోరు, చావుకి పోరు. బళ్ళు వేరు, శ్మశానాలు వేరు. ఒట్టీలియ పుట్టిల్లు మీబస్ వాళ్ళు అవతలివాళ్ళేనని హుల్డాకు తెలియకపోలేదు. అయితే ఏం? పెళ్ళయిన ఆడది మొగుడి చర్చి మనిషి. ఇటు వచ్చినవాళ్ళు మళ్ళీ అటు పోవడం ఊళ్ళో ఎవరూ ఎరగరు. ఇక ఆ శ్మశానంలో వెతకడమేమిటి? మీబస్ వాళ్ళ బెన్నో ఎదురొస్తే ఆమె రోడ్డుకి ఇవతలి పక్కకి మారేది.

రెండేళ్ళ కిందట పెద్దలు రెండు సంఘాల్నీ కలిపేశారు. ఈ చలికాలం అవతలివాళ్ళ కుర్ర పాస్టర్ లిండ్నర్ వాళ్ళ చర్చి పుస్తకాలు మోసుకొచ్చి ఆమె బల్లమీద పడేశాడు.

"ఇక ఇవి కూడా మీ సొత్తేనండీ హుల్డా గారూ."

ఆమె ఊరికే, అవతలివాళ్ళ చేతిరాత ఎంత వంకరో చూద్దామని తెరిచింది. సమాధుల పుస్తకంలో, 1914లో, ఒట్టీలియ నోస్కె, పుట్టింటి పేరు మీబస్, అని ఉంది.

హుల్డా పుస్తకం మూసేసింది. మళ్ళీ తెరిచింది. 1914 ఏమిటి? అప్పటికి తనకి ఎనిమిదేళ్ళు. అమ్మ తన పసితనంలోనే కదా పోయింది! ఇంకో ఒట్టీలియ అయి ఉంటుంది. కానీ పుట్టిన తేదీ అదే, మొగుడి పేరు అదే. మరి అన్నేళ్ళూ ఎక్కడుంది? ఈవిడని వీళ్ళెందుకు పాతిపెట్టారు? చావు రుజువు కోసం ఇంతకాలం వెతికిన మనిషికి, తీరా అది దొరికేసరికి ఏమీ పాలుపోలేదు.

"పాస్టర్ గారూ, మీవాళ్ళు తేదీలు తప్పు రాసేవాళ్ళా?"

"మీవాళ్ళేమిటండీ, అందరం మనవాళ్ళమే కదా ఇప్పుడు."

"సరే నాయనా, మనవాళ్ళు తప్పు రాసేవాళ్ళా?"

"నాకేం తెలుసండీ! బెన్నో మీబస్‌ని అడగండి. అక్కడి సమాధుల పని ఆయనే చూస్తాడు."

ఆమె రోడ్డు దాటింది. అక్కడ కూడా ఇక్కడిలాగే చనిపోయిన వరసలోనే పాతిపెడతారు, మొగుడూ పెళ్ళాలైనా సరే పక్కపక్కన ఉండరు. బెన్నో ఓ కమ్మరి సమాధికీ ఓ పసిబిడ్డ సమాధికీ మధ్య వంగి గడ్డి పీకుతున్నాడు.

"అబ్బో, నోస్కె వాళ్ళ హుల్డానే! దారి తప్పావా ఏం?"

"తప్పింది నేనో మీ పుస్తకమో తేల్చుకుందామని వచ్చాను బెన్నో గారూ. ఒట్టీలియ అని ఎవరో..."

బెన్నో టోపీ తీశాడు. "ఎవరో ఏమిటి? మీ అమ్మ. మా మేనత్త. ఇదిగో, ఇక్కడే ఉంది."

రాయి చిన్నది. దాని చుట్టూ ఒక్క కలుపు మొక్క లేదు.

"ఏడాది తప్పు రాశారు," అంది హుల్డా.

"తప్పేం లేదు. శవపేటిక వెనక నేనే నడిచాను. నాకప్పుడు పన్నెండేళ్ళు."

"మరి అంతకాలం ఎక్కడుంది?"

చర్చి వెనక కనిపిస్తున్న ఇంటిని చూపించాడు. "మా ఇంట్లో. మా తాత ఆఖరి ఘడియల్లో ఉంటే చూడ్డానికొచ్చి, ఆయన పక్కన మోకరించి మా పాస్టర్ చేతి మీదుగా ప్రభు భోజనం రొట్టె, ద్రాక్షరసం తీసుకుంది. మీ పాస్టర్ అందరి ముందూ నిలబడి తప్పొప్పుకోమన్నాడు. కన్నతండ్రి పక్కన ప్రార్థన చెయ్యడం తప్పని చచ్చినా అననంది. అనేదాకా గుమ్మం తొక్కొద్దన్నాడు మీ నాన్న. పిల్లని ఇవ్వనన్నాడు."

హుల్డా సమాధి రాతినీ ఆ ఇంటినీ మార్చి మార్చి చూసింది. "అయితే నన్ను వదిలేసినట్టా, వదలనట్టా?"

బెన్నో వంగి రాతిమీది మట్టి తుడిచాడు.

"ఒక్క మాట అని ఉండొచ్చుగా!" అని అరిచింది. "నాకోసం! నోటితో అనేస్తే పోయేదిగా!"

"మా నాన్న అదే అనేవాడు. మా అమ్మేమో ఆవిడ చేసిందే సబబనేది. ఆవిడ పోయాక కూడా మా ఇంట్లో ఆ తగువు తెగలేదు."

కోపం ఎవరిమీద పడాలో హుల్డాకు తెలియలేదు. నాన్న మీదకి పోయింది, అమ్మ మీదకి పోయింది, చివరికి ఎదురుగా ఉన్న మనిషి మీద పడింది. "మీరెందుకు చెప్పలేదు? ఇన్నేళ్ళు!"

"నీకు తెలుసనుకున్నాం. నేనెదురైతే రోడ్డు మారేదానివిగా. తెలిసే మారుతున్నావనుకున్నాం."

ఆమె గేటు పట్టుకుని నిలబడింది. బెన్నో వెనకే వచ్చాడు.

"ఇక్కడే నుంచునేది," అన్నాడు. "ఆదివారం మా ఆరాధన అయిపోయినా ఇంటికి వచ్చేది కాదు, మీ చర్చి వదిలేదాకా. 'ఇవాళ పిల్ల దగ్గుతోంది', 'ఇవాళ కొత్త బూట్లు తొడిగారు' అని వచ్చి మా అమ్మకి చెప్పుకునేది. ఆఖరి వారం కూడా పట్టుకుని తీసుకొస్తే వచ్చి నుంచుంది. నువ్వు చూడనే లేదా?"

ఎదురుగా తమ చర్చి మెట్లు. అక్కడ నిలబడ్డవాళ్ళ చొక్కా గుండీలు కూడా కనపడేంత దగ్గర. ఆ మెట్లు దిగుతూ ఇటు చూస్తే కనపడి ఉండాల్సిన ఒక ఆడమనిషి మొహం కోసం హుల్డా బుర్రంతా వెతుక్కుంది. నల్ల రుమాలో, ఒక చెయ్యో, ఏదో ఒకటి. ఏమీ దొరకలేదు. మెడ వెనక మేనత్త బెర్తా చెయ్యి మాత్రం గుర్తొచ్చింది. అటు చూస్తే పాపం, కళ్ళు దించుకుని నడువు, అనేది మేనత్త.

"నేను చెప్పిన మాట వినే పిల్లని బావా," అంది హుల్డా. "ఒక్కసారి కూడా తల తిప్పలేదు."