అద్దం లేచిన క్షణం

నా కెమెరా ఎక్కడిదని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కథ చెప్పాను. ఒకరికి బొగ్గు గనిలో దొరికిందన్నాను. ఇంకొకరికి, వేటకొచ్చిన దొర పులిని చూసి చెట్టు మీదే వదిలేసి పారిపోయాడన్నాను. నిజం చెబితే చప్పగా ఉంటుంది. చంద్రపూర్ బజారులో ఒక ఫొటో స్టూడియో మూతపడుతుంటే అడిగి తెచ్చుకున్నాను, అంతే. బాబుపేట్‌లో మా బట్టల దుకాణంలో గల్లా పక్కన పెడితే, వచ్చినవాళ్లు చీరలకంటే దాన్నే ఎక్కువ తిప్పి చూస్తారు.

చేతిలోకి తీసుకుంటే తూకం రాయంత బరువు. ఫిల్ము ఎక్కించడం, మీట లాగి ముందుకు జరపడం, వేగం పెట్టడం, అన్నీ మన చేత్తోనే. వెలుతురు కొలిచే ముల్లుకు పట్టే బ్యాటరీ ఇప్పుడు దొరకదు. అందుకని అది పడుకుని ఉంటుంది, నేను నీడలు చూసి అంచనా కడతాను. కంటికి ఆనించి లెన్సు చుట్టూ ఉన్న పట్టీ తిప్పుతుంటే, నడిమికి రెండు ముక్కలైన ముఖం మెల్లగా జరిగి ఒక్కటవుతుంది. దాని కోసమే పనిలేకున్నా తిప్పుతూ కూర్చునేవాణ్ని.

ఒక్క సంగతి మాత్రం నాకు ఆలస్యంగా తలకెక్కింది. కంటికి కనిపించే బొమ్మ లోపలున్న చిన్న అద్దం మీంచి వస్తుంది. బటన్ నొక్కగానే ఆ అద్దం పైకి లేస్తుంది, ఫిల్ము మీద వెలుతురు పడుతుంది, అద్దం మళ్లీ దిగుతుంది. ఆ రెప్పపాటు, తీసేవాడికి అంతా చీకటి. ఫొటోలోకి పోయే క్షణాన్నే తీసేవాడు చూడడన్నమాట.

మా మేనమామది జివతి కొండల్లో పత్తి చేను. పోయిన చలికాలం కెమెరా వేసుకుని వెళ్లాను. తనదీ అత్తదీ కలిపి ఒక ఫొటో కావాలని మామ ఎప్పటినుంచో అంటున్నాడు. అత్త ఫోన్ ఫొటోలకు లొంగేది కాదు. తీయగానే లాక్కుని చూసుకుని తీసెయ్యమనేది. ఇందులో చూసుకునే వీలే లేదని చెప్పాక ఒప్పుకుంది. ఆమెకు ఒక అలవాటు, నవ్వొస్తే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. పెళ్లయిననాటినుంచీ అంతే. కుర్చీలు వేస్తుంటే మామ నన్ను పక్కకు పిలిచి చెవిలో చెప్పాడు.

"అల్లుడా, మీ అత్త నవ్వంగ ఒక్కపారి పట్టరా. ఇన్నేండ్లాయె, నేనే సక్కగ చూడలే."

ఏరిన పత్తి కుప్ప ముందర ఇద్దరినీ కూర్చోబెట్టాను. పాత స్టూడియోవాళ్ల లాగే కదలొద్దు, ఇటే చూడాలని హుకుం వేశాను. మామ పోలీసుల ముందు కూర్చున్నట్టు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని లెన్సులోకే చూస్తున్నాడు. నేను పట్టీ తిప్పుతూ కథ ఎత్తుకున్నాను. మొన్న పవర్‌హౌస్ గోడ దగ్గర పులి కనబడిందనీ, ఆగమంటే ఆగిందనీ, ఏ పక్క ముఖం బాగుంటుందని అడిగిందనీ, ఫొటో పంపమని కూడా చెప్పిందనీ చెప్పాను.

"పులికి ఫోనుంటదారా?" అంది అత్త.

"లేదత్తా, అందుకే అడ్రెస్ ఇచ్చింది. జివతిల మీ చేను పక్కకే ఉంటదట."

పకపకా నవ్వు వినబడింది. నొక్కాను. చీకటి. వెలుతురు తిరిగి వచ్చేసరికి అత్త అరచెయ్యి నోటి మీద ఉంది. మామ మాత్రం నేను చెప్పినట్టే, పక్కకు తిరగకుండా లెన్సునే చూస్తున్నాడు.

వచ్చిందా అన్నాడు. పళ్లన్నీ కనిపిస్తాయన్నాను. ఆ మాట నమ్మే అన్నాను.

ఫిల్ములో ఇంకా సగం మిగిలి ఉంది. దుకాణం, పెళ్లిళ్ల గిరాకీ. అది నిండి, నాగపూర్‌కు కడగడానికి పోయేసరికి వానాకాలం వెళ్లిపోయింది. ఆ వానల్లోనే అత్తకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క మొత్తం పడిపోయింది, మూతి ఓ పక్కకు లాగింది. అడ్డం పెట్టుకునే ఆ చెయ్యి ఇప్పుడు ఒళ్లోంచి లేవదు.

ఫొటో ఎంత బాగా వచ్చిందంటే పత్తిలో ఇరుక్కున్న ఎండుటాకు ముక్క కూడా కనిపిస్తుంది. అత్త కళ్లు నవ్వుతో చిన్నవయ్యాయి. వాటి కింద అరచెయ్యి. అద్దంతో పాటే అదీ లేచింది. అప్పుడే కడిగించి ఉంటే ఇంకోసారి వెళ్లి ఇంకో పులిని కూర్చోబెట్టేవాణ్ని.

జివతికి పట్టుకెళ్లాను. అత్త లోపల మంచం మీద నిద్రపోతోంది. మామ వసారాలో ఫొటోను వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశాడు.

"చెయ్యెనుక ఎట్లుండెరా? నువ్వు కదలొద్దన్నవని నేను ముందటికే చూసిన. నువ్వన్న చూసినవ్ గద."

అద్దం సంగతి చెప్పాను. లేస్తే చీకటవుతుందనీ, నేను కూడా చూడలేదనీ. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గప్పాలు కొట్టకు. పులితోని అడ్రెస్ చెప్పిచ్చినోనివి, మీ అత్త ఎట్ల నవ్విందో చెప్పరాదా?"

ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. అడుక్కుంటున్నట్టుంది. సరే, నాకు చేతనైంది ఇదొక్కటే కదా అని మొదలుపెట్టాను. అత్త ముందు పళ్ల నడుమ చిన్న సందుంది మామా, నవ్వితే అది...

"సందు లేదు," అన్నాడు మామ. "రోజు పండ్లు నేనే తోముతున్న."

ఆయన ఫొటోను మోకాలి మీద పెట్టుకుని, కుర్చీ నా వైపు జరుపుకున్నాడు.

"సందు లేకుంట చెప్పు," అన్నాడు.

పులికి మాటలు పెట్టినవాణ్ని, ఫొటో నా వైపు తిప్పుకుని ఆ అరచెయ్యి వెనకాల నవ్వు కోసం వెతకసాగాను.